అరగని లైనింగు

పోయిన వారం నిత్యను ఏడో నంబరు ట్రైలర్ కింద వెల్లకిలా పడుకోబెట్టి, చేతిలో టార్చిలైటు పెట్టి, మనం హాయిగా ఇళ్ళకు వెళ్ళిపోయాం. ఆ పిల్ల వారం రోజులూ గ్రీజు వాసనలోనే ఉందేమోనని మీలో కొందరు బెంగపడి ఉంటారు. బెంగ అక్కర్లేదు, అరగంటలోనే బయటికి వచ్చింది. కాని కిందికి దూరినప్పుడు ఆమెకు ఉన్నది ఒట్టి అనుమానం. బయటికి వచ్చేసరికి ఆ అనుమానానికి ఒక పేరు కూడా దొరికింది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. తమిళనాట కినత్తుకడవు దాటి పొల్లాచ్చి వైపు పోతుంటే ఎడమచేతి పక్క తగిలే ట్రైలర్ల షెడ్డు రత్నసభాపతి నాయుడిది. తొమ్మిది ట్రైలర్లు. దిమ్మెలుగా నొక్కిన కొబ్బరి పొట్టును తూత్తుకుడి హార్బరుకు చేరవేస్తాయి. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆయన గేటు పక్క కుర్చీకి మారాడు, షెడ్డు బాధ్యత కూతురు నిత్య చేతికి వచ్చింది. అంతవరకు అక్కడ ఒకటే పద్ధతి. బండి దారిలో ఆగితే రిపేరు, ఆగకపోతే పసుపూ కుంకుమా. నిత్య ఆ పద్ధతిని పట్టుబట్టి మార్పించింది. ఏ ట్రైలరైనా సరే, పదిహేను రోజులకోసారి షెడ్డులోకి రావాల్సిందే. గ్రీజు పెట్టాలి, టైర్లలో గాలి చూడాలి, చక్రాల నట్లు సుత్తితో తట్టి వినాలి, బ్రేకులు బిగించాలి, బ్రేకు లైనింగు మందం కొలిచి గోడ మీది చార్టులో రాయాలి. ఏడాది తిరిగేసరికి కొత్త టైర్లు కొనడం సగానికి తగ్గింది. దారిలో బండి ఆగిపోయిందని ఫోను రావడం దాదాపు మానేసింది. "ఆడపిల్ల చార్టు గోడకే అందం" అని పదిమందిలో నవ్విన పెదనాన్న కొడుకు అరవిందన్ కూడా నోరు మూసుకున్నాడు.

అంతా బాగుందనుకుంటుండగా మంగళవారం పొద్దున ఏడో నంబరు డ్రైవర్ గోపీనాథ్ ముఖం పాలిపోయి వచ్చాడు. తిరుమంగళం దగ్గర ముందు బస్సు ఆగితే తను బ్రేకు తొక్కాడట. వెనక ట్రైలర్ ఆగకుండా తోసుకొచ్చిందట. బస్సుకూ బండికీ మధ్య జానెడు మిగిలిందని చెప్పి, చెయ్యి చాచి ఆ జానెడు చూపించాడు. నిత్య ట్రైలర్ కింద దూరింది. ఆరు చక్రాల బ్రేకులూ వదులుగా ఉన్నాయి. ఒకటీ రెండూ అయితే దారి కుదుపులకు అనుకోవచ్చు. ఆరుకు ఆరూ, అన్నీ ఒకే కొలతలో వదులు కావాలంటే మనిషి చెయ్యి పడాల్సిందే.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పకపోతే మీకు నిత్య భయం అర్థం కాదు. ట్రైలర్ చక్రం లోపల డ్రమ్ము ఉంటుంది, దాన్ని లైనింగు నొక్కితే చక్రం ఆగుతుంది. ఆ రెంటి మధ్య సందును చక్రం వెనక ఉండే ఒక నట్టు కాపాడుతుంది. ఆ నట్టును వెనక్కి తిప్పితే సందు పెరుగుతుంది, బ్రేకు తొక్కినా లైనింగు డ్రమ్మును తాకదు. తాకదు కాబట్టి అరగదు. టైరూ అరగదు. చూసేవాడికి అంతా పొదుపే. కాని వెనక ఉన్న బరువంతా ట్రైలర్‌ను లాగే ముందు బండి బ్రేకుల మీద పడుతుంది. చదును రోడ్డు మీద చెయ్యి తిరిగిన డ్రైవర్ ఎలాగో నెట్టుకొస్తాడు. దిగుడులో మాత్రం ముందు బ్రేకులు కాలి, పొగ లేచి, చివరికి లేకుండా పోతాయి.

నిత్య చార్టు ముందుకు వెళ్ళి నిలబడింది. ఏడో నంబరు లైనింగు మందం ఎనిమిది నెలలుగా ఒకటే అంకె. దాని పక్కన ప్రతి పదిహేను రోజులకూ తనే సంతోషంగా పెట్టిన పచ్చ చుక్కలు వరసగా ఉన్నాయి. అరగని లైనింగు అంటే పని చెయ్యని బ్రేకు అని ఇంజనీరింగు చదివిన తనకు తట్టలేదు. తట్టాల్సింది. తన మెచ్చుకోలు తనకే కళ్ళకు అడ్డమొచ్చింది. రెండో నంబరు, తొమ్మిదో నంబరు చూసింది, అవీ అంతే. షెడ్డులో ఉన్న ఎనిమిది బండ్లనూ గేటు దాటనివ్వకుండా ఆపేసింది. ఒక్క నాలుగో నంబరు మాత్రం సోమవారమే వెళ్ళిపోయింది, అది రోడ్డు మీద ఉంది.

చార్టులో ప్రతి బిగింపు పక్కనా ఉన్న సంతకం కుప్పుసామిది.

*

శుక్రవారం పదకొండు గంటలకు ఆమె కుప్పుసామిని చార్టు దగ్గరికి పిలిచింది. మూడు రోజులు ఆగింది ఎందుకంటారా? పిలవడానికి ధైర్యం చాలక. కుప్పుసామి జీతానికి వచ్చిన మేస్త్రీ మాత్రమే కాదు. నిత్య తల్లి వళ్ళికి పెదనాన్న కొడుకు, కంబం పక్క ఊరివాడు, అంటే నిత్యకు మేనమామ. ఆమె చెవులు కుట్టినప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది ఆయనే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ షెడ్డు స్పానర్లు ఆయన చేతిలోనే ఉన్నాయి.

ఆయన పాత బనీను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. చేతులు ఎప్పుడో శుభ్రమైపోయాయి, అయినా తుడుస్తూనే ఉన్నాడు. నిత్య అది గమనించింది. ఈ మూడు రోజులుగా ఆమె గమనించనిది లేదు. ఆయన టీ సగం తాగి పారబోయడం, ఫోను వస్తే అవతలికి పోవడం, ఏడో నంబరు వైపు చూడకుండా చుట్టూ తిరిగి నడవడం, అన్నీ.

"మామా, ఏడో నంబరు పోయిన శనివారం మీరే కదా బిగించినారు?"

"ఆమా అమ్మిణి. నేనే."

"ఆరూ?"

"ఆరూనే. నువ్వు కొలిచినావు గదా, పక్కనే ఉండావు."

"మంగళవారం తిరిగొచ్చేసరికి ఆరూ వదులుగా ఉండాయి. అదెట్ల?"

కుప్పుసామి తలతిప్పి గేటు వైపు చూశాడు. గేటు దగ్గర వేపచెట్టు నీడలో రత్నసభాపతి తమిళ పేపరు విప్పుకుని కూర్చున్నాడు, కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. ఆయన పక్కన స్టూలు మీద విభూతి, కుంకుమ ఉన్న ఇత్తడి పళ్ళెం. బయలుదేరే ప్రతి బండికీ చక్రాలన్నిటికీ బొట్టు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి పంపేది ఆయనే. ఇప్పుడు ఆయన చేతిలో మిగిలిన పని అదొక్కటి.

"అటెందుకు చూస్తారు? అప్ప వింటాడనా? విననీ. మామ చేతుల్లో షెడ్డు పెట్టి నిశ్చింతగా ఉండినాడు గదా, ఆయనకూ తెలియాల."

"మెల్లగా మాట్లాడు అమ్మిణి."

మెల్లగా మాట్లాడమన్న మాటే ఆమెకు నిప్పు రాజేసింది. తప్పు లేని వాడు గొంతు తగ్గించమని ఎందుకు అంటాడు? ఇన్నాళ్ళు కడుపులో పెట్టుకున్నది బయటపెట్టేసింది.

"సోమవారం మీరు సెలవు పెట్టి గాంధీపురం పోయినారు. కన్ను చూపించుకోవాలని చెప్పినారు. మీరు ఎక్కింది లాడ్జి మెట్లు. ఆడ మీతో మాట్లాడింది ఎవురో నాకు తెలుసు. మన లోడ్లు లాక్కోవాలని చూసే కంపెనీ మేనేజరు. చీరలకు పోయిన మన సందు ఆడవాళ్ళు ఇద్దరు చూసినారు."

పాఠకుల్లో చాలామందికి ఈ లాడ్జి సంగతి మూడు వారాల కిందటి భాగంలోనే తెలుసు, నిత్యకూ తెలిసిపోయిందని కుప్పుసామికి మాత్రం తెలియదు. ఆయన చేతిలో గుడ్డ తుడవడం మానేసింది.

"ఆమా. పోయినా."

"ఎందుకు?"

"పని అడిగేదానికి."

"అంటే ఈడ బండ్లు పాడుచేసి, ఆడ పనికి చేరాలనా?"

కుప్పుసామి ముఖంలో కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే బాగుండేది.

"అమ్మిణీ, నా చేత్తో బిగించింది నేనే విప్పుతానా? ముప్ఫై ఏళ్ళలో నేను బిగించి పంపిన బండి ఒక్కటి, బ్రేకు పట్టలేదని తిరిగి వచ్చిందా? చెప్పు."

"రాలేదు. అందుకే అడుగుతాను. మీరు కాదంటే ఇంకెవరు? పేరు చెప్పండి."

"అడగద్దు."

"తెలుసా, తెలీదా?"

"అడగద్దు అమ్మిణి. నన్ను పోనీ. తప్పు నాదేనని రాసిచ్చి పోతాను, మామ తప్పు చేసినాడని ఊరంతా చెప్పుకో. నేను కాదనను."

ఆమె ఇంతసేపూ సిద్ధం చేసుకున్నది ఆయన బుకాయిస్తాడని. బుకాయిస్తే ఏం అడగాలో, ఏ తేదీ చూపాలో అన్నీ చీటీ మీద రాసి పెట్టుకుంది. చేయని తప్పు నెత్తిన వేసుకుని పోతానంటే ఏం అడగాలో ఆ చీటీలో లేదు. ఎవరిని కాస్తున్నాడు? గోపీనాథ్‌నా? వాడే ప్రాణాలతో బయటపడి వచ్చాడు, వాడెందుకు విప్పుకుంటాడు? లేక ఇదంతా నాటకమా? జాలి పుట్టించి, రేపు అవతలి కంపెనీలో తేలడానికా? ఏ దారిన ఆలోచించినా అనుమానం ఇంకో నాలుగు కొమ్మలు వేస్తోందే తప్ప తెగడం లేదు.

"సరి. టూల్సు రూము తాళంచెవి ఇవ్వండి," అంది.

ఆయన మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పడానికి చాలాసేపు పట్టింది. ముడి గట్టిపడిపోయింది. విప్పి ఆమె చేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది. నిత్యకు ఏడుపు వచ్చింది, దాన్ని కోపం చేసుకుని మింగేసింది.

"మంచిదయింది. ఆ నాలుగో నంబరు ఒక్కటైనా మీ చేతికి దొరకలేదు. మీరు గాంధీపురం పోయిన పొద్దున నేనే బిగించినా, ఆరూ. ఈ పొద్దు దాన్ని తోలుకొని కుమరేశన్ తొప్పూరు కణవాయి దిగాల. అది మీరు బిగించిన బండి అయ్యుంటే నాకు ఇప్పుడు ప్రాణం నిలిచేది కాదు."

కుప్పుసామి తల ఎత్తాడు.

"తొప్పూరా? నాలుగు తూత్తుకుడికి గదా పోయింది?"

"పోయింది. ఖాళీగా ఎందుకు రావాల అని హార్బరులో హొసూరు లోడు పట్టించినా. బుధవారం ఫోనులోనే వాడికి చెప్పినా. హొసూరులో దించి, పంపుల కంపెనీకి పోత ఇనుము ఎత్తుకుని వస్తా ఉండాడు. ఇరవై ఎనిమిది టన్నులు. ఎందుకు?"

తొప్పూరు కణవాయి, అంటే ఆ కనుమ, తెలియని డ్రైవర్ తమిళనాట లేడు. ధర్మపురి దాటి సేలం వైపు వస్తుంటే, టోల్‌గేటు తర్వాత రోడ్డు కొండల మధ్య నుంచి కిందికి జారుతుంది. వెడల్పయిన మంచి రోడ్డే, అందుకే మోసం చేస్తుంది. బరువుతో దిగే బండ్లు అక్కడ అదుపు తప్పి ముందున్న వాటిని తోసుకుపోయిన వార్త నెలకు ఒకటైనా చదువుతాం.

కుప్పుసామి పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు.

"ఫోన్ చెయ్యి. ఆ బండిని ఆపు."

"ఎందుకు మామా? అది నేను బిగించినదే."

"నువ్వు బిగించినావు. నేను మధ్యాన్నం బస్సు దిగి వస్తే బండి గేటులో నిలిచి ఉండాది. నేనే గేటు ఎత్తినా. వెనక చక్రాల పక్క పోయినప్పుడు చూసినా. బ్రేకు చెయ్యి ఎంత పొడుగు వచ్చి ఉండాదో చూస్తే తెలీదా నాకు? ఆరూ విప్పి ఉండాయి."

"చూసి, పంపినారా?"

"తూత్తుకుడి గదా అనుకొన్నా. నల్లరేగడి రోడ్డు, అరచెయ్యి మాదిరి ఉండాది. కుమరేశన్ నిదానమైనవాడు. పోయి వచ్చినాక బిగిస్తాంలే అనుకొన్నా. ఎప్పుడూ అట్లనే బిగిస్తా ఉండాను."

"ఎప్పుడూ అంటే?"

ఆయన ఈసారి గేటు వైపు చూడలేదు, చూడకుండా ఉండడానికి పడుతున్న కష్టం మెడనరాల్లో కనిపించింది. నిత్య అటు చూసింది. వేపచెట్టు నీడ, పేపరు, కళ్ళజోడు, ఇత్తడి పళ్ళెం. పళ్ళెం మీద ఎప్పుడూ కప్పి ఉండే ఎర్ర గుడ్డ.

"మామా. అప్పనా?"

"అక్కను ఇచ్చిన ఇల్లు అమ్మిణి ఇది," అన్నాడు కుప్పుసామి. "బావ తప్పు చేసినాడని బావ బిడ్డతో నేను ఎట్ల చెప్పేది? ఒకసారి చూసినా, బొట్టు పెడతా పెడతా గుడ్డ కింద నుంచి స్పానరు తీసినాడు. నేను స్తంభం చాటుకు పోయినా. నేను బిగించేది, ఆయన విప్పేది. ఎన్నాళ్ళు చూసేది? అందుకే ఆడికి పోయి పని అడిగినా. అది చాలు ఇప్పటికి, ఫోన్ చెయ్యి."

*

నిత్య ఫోను చెవికి పెట్టుకునే గేటు దాకా నడిచింది. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. తండ్రి ఎదురుగా నిలబడి, ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో పళ్ళెం మీది ఎర్రగుడ్డ తీసింది. విభూతి పొట్లానికీ కుంకుమ భరిణకూ మధ్య, విభూతి అంటుకుని తెల్లబడిన స్పానరు ఉంది.

రత్నసభాపతి పేపరు మడిచాడు. కూతురి వెనక వచ్చి నిలబడిన బావమరిదిని చూశాడు. దొంగ దొరికినప్పుడు పడే కంగారు ఆయనలో లేదు. పండక్కి దాచిన బట్టలు పిల్లలు ముందే చూసేస్తే పెద్దవాళ్ళు పడే ఇబ్బంది లాంటిది ఉంది. అది చూసి నిత్యకు మరింత మండింది.

"ఎందుకప్పా?"

"ఏముండాది ఇందులో? నట్టు అరచుట్టు వెనక్కి తిప్పేది. నేను ఒంటి లారీతో మొదలుపెట్టిన దినాల్లో మేమంతా అట్లనే నడిపినాం. ఒక జత టైర్లు రెండేళ్ళు వచ్చేది."

"బస్సు కింద పోయి ఉండేవాడు గోపీనాథ్!"

"పోలేదు గదా."

"అప్పా!"

ఆయన కాసేపు తన మోకాలు నిమురుకున్నాడు.

"పోయిన ఆయుధ పూజలో అరవిందన్ ఏమన్నాడో విన్నావా? అంతమంది చుట్టాల ముందర. ఆడపిల్ల చార్టు ఆరు నెలలు, ఆ తరవాత షెడ్డు మూసి అమ్ముకుంటారని. నువ్వు నవ్వి ఊరుకున్నావు. నేను ఊరుకోలా. ఈ తూరి పూజకు నీ చార్టు చూసి వాడి నోరు పడిపోవాల అనుకొన్నా. టైరు అరగకూడదు, లైనింగు అరగకూడదు. నీ పేరు నిలవాల. అంతే కణ్ణు. నీకు తోడు చేసినాననే అనుకొన్నా. చదును రోడ్డు పోయే బండ్లకే, రెండు, ఏడు, తొమ్మిది. కొండ ఎక్కే బండిని ముట్టలా."

పచ్చ చుక్కలు పెట్టింది నిత్య అయితే, వాటిని పండించింది ఈయన. తిట్టాలని ఉంది, ఆ నెరిసిన తల పట్టుకుని ఏడవాలని ఉంది. రెంటికీ ఇప్పుడు టైము లేదు.

"నాలుగు?"

"నాలుగు నేను ముట్టలేదు."

"అప్పా, నిజం చెప్పు. కుమరేశన్ తొప్పూరులో ఉండాడు."

"నీ తోడు ముట్టలా. సోమవారం నువ్వు దాని కింద పండుకొని ఆరూ బిగించింది ఈ కుర్చీలోనే ఉండి చూసినా. నా బిడ్డ తన చేత్తో బిగించినదాన్ని నేను విప్పుతానా? బొట్టు పెట్టినా, చేతులు కడుక్కున్నా, లోపలికి పోయి అన్నం తిన్నా. తిని వచ్చేసరికి బండి పోయింది."

నిత్య గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. అబద్ధం చెప్పేటప్పుడు తండ్రి కుడికన్ను ఎలా చిట్లుతుందో ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇప్పుడు చిట్లలేదు. నాలుగో నంబరు క్షేమం. ఆ ఊపిరి వదిలేలోపలే వెనక నుంచి కుప్పుసామి గొంతు వినిపించింది.

"నేను నా కళ్ళతో చూసినా బావా. ఆరూ విప్పి ఉండాయి. మీరే అనుకొన్నా. మీరు అనుకొనే నోరు మూసుకొన్నా."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. షెడ్డులో ఎవరో గ్రీజు గన్ను నేలమీద పెట్టిన చప్పుడైంది. ఆయన అన్నానికి వెళ్ళిన ఆ అరగంటలో, నిత్య ఆఫీసు గదిలో బిల్లులు రాసుకుంటున్న ఆ అరగంటలో, నాలుగో నంబరు దగ్గర ఉన్న మనిషి ఒక్కడే. ఆ బండి డ్రైవర్.

"వాడెందుకు విప్పుకుంటాడు?" అంది నిత్య. అడుగుతుండగానే జవాబు తట్టింది. నిరుటి ఆయుధ పూజ కళ్ళముందు ఆడింది.

ఆ ఆలోచన ఆమెదే. ఏ ట్రైలర్ టైర్లూ లైనింగులూ తక్కువ అరిగితే ఆ డ్రైవర్ ఇంటికి పూజలో మొదటి తాంబూలం. డబ్బు బహుమతి అయితే పుచ్చుకుని మరిచిపోతారు, మర్యాద అయితే ఏడాదంతా జాగ్రత్తగా నడుపుతారు అని లెక్క వేసింది. ఆ లెక్క ఎంత బాగా కుదిరిందో నిరుడే కనబడింది. యజమాని చేతి మీదుగా, చుట్టాలందరి ఎదుట, మొదటి తాంబూలం గోపీనాథ్ తల్లికి వెళ్ళింది. కుమరేశన్ తల్లి మారియమ్మ కూడా పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఆమెకు అందింది నాలుగో తాంబూలం. కుమరేశన్ ఆ రోజు అన్నం సరిగా తినలేదు. అందరూ చూశారు, ఎవరూ పట్టించుకోలేదు.

రత్నసభాపతి లేచి నిలబడడానికి కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. లేవలేకపోయాడు.

"ఆడి పద్దెనిమిది పండగ నాడు వచ్చినాడు వాడు," అన్నాడు. "కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. అప్పా, మీ కాలంలో టైర్లు రెండేళ్ళు ఎట్ల వచ్చేవి అని అడిగినాడు. నేను చెప్పినా. ఎవరూ అడగరు గదా కణ్ణు ఆ కథలు, సంతోషంగా అంతా చెప్పినా. నట్టు ఎంత తిప్పాలో కూడా చూపించినా."

"చదును రోడ్డుకు మాత్రమే అని చెప్పినావా?"

ఆయన మడిచిన పేపరునే మళ్ళీ మడిచాడు.

"అప్పా, చెప్పినావా?"

"చెప్పలా."

ఫోను మోగి మోగి ఆగిపోయింది. నిత్య మళ్ళీ నొక్కింది. స్పీకరు పెట్టింది. కుప్పుసామి వేళ్ళ మీద గంటలు లెక్కపెడుతున్నాడు, హొసూరులో ఎన్నింటికి కదిలి ఉంటాడు, కృష్ణగిరి ఎన్నింటికి, ధర్మపురి ఎన్నింటికి. పన్నెండవుతోంది. టోల్‌గేటు ఇంకా దాటకపోతే బతికినట్టే. టీకి ఆగి ఉంటే, బండి దిగి ఉంటే, ఫోను సీట్లో పెట్టి మరిచిపోయి ఉంటే. ఆమె దేవుళ్ళందరినీ ఒక్క టీ కొట్టు అడిగింది.

ఆరో మోతకు ఎత్తాడు.

"అక్కా! సారీ అక్కా, గుడ్డ కింద పడిపోయి ఉండింది ఫోను." గాలి హోరు, ఇంజను మోత, వాటి పైన నవ్వుతున్న గొంతు. "ఇప్పుడే టోలు దాటినా. సాయంత్రానికి వచ్చేస్తా. అక్కా, ఈ తూరి చూసుకోండి, హొసూరులో టైర్లు చూసిన ఆయన కొత్తవా అని అడిగినాడు. మొదటి తాంబూలం మా అమ్మకే, ఇప్పుడే చెప్తా ఉండాను."

"కుమరేశా, నేను చెప్పేది విను. ట్రైలర్ బ్రేకు విప్పినావా?"

నిత్య ఫోనును నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది.

"కోప్పడను. విప్పినావా?"

"కొంచెమే అక్కా. అప్ప చెప్పిన కొలతే. ముందు బ్రేకు బాగా ఉండాది, ఇప్పుడు గూడా గేరులోనే దిగుతా ఉండాను, ఏం భయం..."

"దిగుతున్నావా? బండి ఓరంగా కట్టు. ఇప్పుడే. మెల్లగా, బ్రేకు ఒకేసారి తొక్కకుండా, గేరు తగ్గించుకుంటూ ఓరంగా ఆపు. ఆపి నాకు చెప్పు. నేను లైనులోనే ఉంటాను."

"సరి అక్కా. ఆపుతాను."

రత్నసభాపతి కుర్చీలో ముందుకు వంగి, ఆ చిన్న ఫోనులోంచి వచ్చే ఇంజను మోత మీదే చెవి పెట్టాడు. ముప్ఫై ఏళ్ళు ఆ మోత విన్న మనిషి. గేరు తగ్గితే మోత ఎలా మారాలో ఆయనకు తెలుసు. ఆయన పెదవులు "తగ్గించు, తగ్గించు" అంటున్నాయి, గొంతు మాత్రం లేదు. మోత అలా మారలేదు. పెరిగింది.

"కుమరేశా? ఆపినావా?"

అవతల ఏదో కాలుతున్న వాసన వస్తోందని వాడు తనలో తను తమిళంలో అనుకోవడం వినిపించింది. తర్వాత వాడి గొంతు వచ్చింది. అందులో నవ్వు లేదు.

"తొక్కుతానే ఉండాను అక్కా."